సికింద్రాబాద్ స్టేషన్‌కు కొత్త భవనం వస్తోంది, దాని చుట్టూ ఉన్న ఊరికి ప్రణాళిక ఎవరు రాయాలి?

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పాత భవనాన్ని 2025 మొదట్లో కూల్చివేశారు. 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన సుమారు 720 కోట్ల రూపాయల పునర్నిర్మాణ పథకం కింద అక్కడ ఇరువైపులా కొత్త భవనాలు, ప్లాట్‌ఫామ్‌లన్నిటినీ పైనుంచి కలిపే రెండంతస్తుల రూఫ్ ప్లాజా, బహుళ అంతస్తుల పార్కింగ్, దగ్గరలోని రెండు మెట్రో స్టేషన్లకు దారితీసే స్కైవేలు, అంటే ఎత్తున కట్టే నడక దారులు రానున్నాయి. ఈ పథకం గురించి ఎవరు మాట్లాడినా విమానాశ్రయం తరహాలో కడుతున్నారనే అంటారు. విమానాశ్రయం ఊరికి దూరంగా, తన ప్రహరీ లోపల తాను బతికే కట్టడం. దాని గేటు బయట ఏముందన్నది దాని పనితీరును పెద్దగా మార్చదు. నగరం నడిబొడ్డున ఉన్న స్టేషన్ అలా కాదు. రైలు దిగిన మనిషి మొదటి పది నిమిషాలు ఎలా గడుస్తాయన్నది స్టేషన్ లోపలి ఎస్కలేటర్ కన్నా బయటి కాలిబాట, ఆటో స్టాండు, బస్సు ఆగే చోటు ఎక్కువగా నిర్ణయిస్తాయి.

అందుకే స్టేషన్ పునర్నిర్మాణం, స్టేషన్ పరిసరాల పునరభివృద్ధి అనే రెండు పనుల్ని విడదీసి చూడాలి. మొదటిదానికి యజమాని ఉన్నాడు, డబ్బు ఉంది, కాంట్రాక్టు ఉంది. రెండోదానికి ఇవేవీ లేవు. ఆ లేకపోవడానికి కారణం అధికారుల అలసత్వం ఒక్కటే అనుకుంటే పొరపాటే. భూమి యాజమాన్యం, భవన నిబంధనలు, నిధుల సమీకరణ అనే మూడు ముళ్లు అక్కడ ఒకదానిలో ఒకటి పడ్డాయి.

ప్రజా రవాణా చుట్టూ నగరాన్ని అల్లే పద్ధతిని ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్ అంటారు, పొట్టిగా టీఓడీ. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2017లో దీనిపై జాతీయ విధానం ప్రకటించింది. స్టేషన్ నుంచి 500 మొదలుకొని 800 మీటర్ల దాకా, అంటే మామూలు మనిషి పది నిమిషాల్లో నడిచి చేరగల దూరాన్ని దాని ప్రభావ ప్రాంతంగా తీసుకుని, అక్కడ ఇళ్లు, కార్యాలయాలు, దుకాణాలు కలగలిసి దట్టంగా ఉండేలా, నడకకు, సైకిలుకు మొదటి చోటు దక్కేలా, సొంత వాహనాల పార్కింగ్ పరిమితమయ్యేలా ప్రణాళిక వేయాలన్నది దాని సారాంశం. చదవడానికి తేలికగానే ఉంటుంది. అయితే ఈ సూత్రాలు ప్రధానంగా రోజూ ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి తిరిగేవాళ్లు వాడే మెట్రో, లోకల్ రైలు స్టేషన్లను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. ఆరు నెలలకోసారి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కే కుటుంబం అందుకోసం సికింద్రాబాద్‌లో ఇల్లు వెతుక్కోదు. రోజూ రాయదుర్గం వెళ్లే ఉద్యోగి మాత్రం మెట్రోకు నడిచి చేరగలిగే చోటుకు కాస్త ఎక్కువ అద్దె ఇవ్వడానికి సిద్ధపడతాడు.

కాబట్టి సికింద్రాబాద్‌లో టీఓడీకి అసలు బలం దూరప్రాంత రైళ్ల నుంచి రాదు. 2017 నవంబరులో నాగోల్–అమీర్‌పేట మార్గంతో పాటు తెరుచుకున్న సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంలో వచ్చిన సికింద్రాబాద్ వెస్ట్, 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, పక్కనే రేతిఫైల్ బస్టాండు కలిసి ఆ బలాన్ని ఇస్తాయి. నగరంలో ఇన్ని రకాల రవాణా ఇంత దగ్గరగా చేరిన చోటు మరొకటి చూపించడం కష్టం. అయినా ఒకదాని నుంచి మరొకదానికి మారే ప్రయాణికుడు సామాను మోసుకుంటూ రద్దీ రోడ్డు దాటాల్సి వస్తోంది. వచ్చే స్కైవేలు ఈ లోటును కొంత తీరుస్తాయి. అయితే ఎత్తున కట్టిన నడక దారి రైలు ప్రయాణికుడిని మెట్రోకు చేరుస్తుందే తప్ప, మోండా మార్కెట్‌కు కూరగాయలకు వచ్చినావిడకు రోడ్డు దాటే దారి చూపదు.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పుకోవాలి. టీఓడీ అనగానే ఖాళీ స్థలంలో లేచే గాజు భవనాలే మన కళ్లముందు కనబడతాయి గానీ, సికింద్రాబాద్ స్టేషన్ పరిసరాలు ఎప్పటినుంచో ఈ పద్ధతిలోనే బతుకుతున్నాయి. 1874లో వాడి నుంచి నిజాం రైలు మార్గం ఇక్కడికి వచ్చి, బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గంతో ఈ కంటోన్మెంట్ పట్టణాన్ని కలిపింది. రెజిమెంటల్ బజార్, మోండా మార్కెట్, జనరల్ బజార్ సైన్యానికీ రైలుకూ మధ్య పెరిగిన పేటలు. కింద దుకాణం, పైన కాపురం, పక్కన లాడ్జి, ఎదురుగా టిఫిన్ హోటల్, వీటన్నిటికీ నడిచి వెళ్లే దూరం: విధాన పత్రాలు కోరే మిశ్రమ వినియోగం అంటే అక్షరాలా ఇదే. కనుక ఇక్కడి లోటు సాంద్రత కాదు. ఉన్న సాంద్రతకు తగిన నడక దారులు, మురుగు కాలువలు, చెట్టు నీడ, బస్సు నిలిచే జాగా లేకపోవడమే లోటు. ఈ తేడా గుర్తించకుండా మొదలుపెట్టిన ప్రణాళిక, ఉన్న మంచిని కూల్చి కొత్తగా కడతానంటుంది.

గీత దాటితే చట్టం మారుతుంది

స్టేషన్ ఆవరణ, పట్టాలు, చుట్టుపక్కల ఉన్న రైల్వే కాలనీలు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. రైల్వే చట్టం 1989లోని 11వ సెక్షన్ ప్రకారం రైల్వే తన అవసరాలకు కావలసిన కట్టడాలు కట్టుకోవడానికి ఇతర చట్టాలు అడ్డురావు. రాజ్యాంగం 285వ అధికరణం కేంద్రం ఆస్తిని రాష్ట్ర, స్థానిక పన్నుల నుంచి మినహాయించింది. ఈ రెండు నిబంధనలకూ చారిత్రకంగా న్యాయమైన కారణం ఉంది, ఎందుకంటే ప్రతి ఊళ్లో మున్సిపాలిటీ అనుమతి కోసం ఆగితే దేశమంతటా సాగే రైలు మార్గం ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. కానీ అదే నిబంధనల వల్ల రైల్వే తన స్థలంలో ఏం కట్టాలో నిర్ణయించే అధికారం నగరపాలక సంస్థకు లేదు, ఆ కట్టడం వల్ల పెరిగే రద్దీకి కావలసిన రోడ్డును, మురుగు కాలువను మాత్రం తానే వేయాలి.

గేటు దాటితే రోడ్డు నగరపాలక సంస్థది, బస్టాండు ఆర్టీసీది, మెట్రో స్తంభాలు, వాటి పైకెక్కే మెట్లు మెట్రోవి, వాహనాల దారి మళ్లింపు ట్రాఫిక్ పోలీసులది. కాస్త ముందుకు వెళితే కంటోన్మెంట్ బోర్డు పరిధి మొదలవుతుంది. ఈ సంస్థల్ని ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టడానికి 2008లోనే హైదరాబాద్‌కు ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థను, అంటే యూఎంటీఏను ఏర్పాటు చేశారు. దానికి సొంత నిధులు ఇవ్వలేదు, ఇతర సంస్థల నిర్ణయాలను అడ్డుకునే అధికారమూ ఇవ్వలేదు. చెప్పిన మాట వినని సంస్థను ఏమీ చేయలేని సమన్వయ సంఘం సమావేశాల మినిట్స్ రాయడం మించి ఏం చేయగలదు?

లండన్‌లోని కింగ్స్ క్రాస్‌ను ఇలాంటి చర్చల్లో తరచు ఉదాహరిస్తారు. అక్కడి విజయాన్ని వాస్తుశిల్పానికి ఆపాదించడం మామూలే గానీ, నా ఉద్దేశంలో అసలు కీలకం భూమి పత్రాల్లో ఉంది. స్టేషన్ల వెనుక పాడుబడిన గూడ్సు యార్డులు, గోదాములు కలిపి 67 ఎకరాలు. అందులో అధిక భాగం ప్రభుత్వ సంస్థ లండన్ అండ్ కాంటినెంటల్ రైల్వేస్‌ది, మిగిలింది తర్వాత డీహెచ్ఎల్‌లో కలిసిన ఒక సరుకు రవాణా సంస్థది. ఆర్జెంట్ అనే నిర్మాణ సంస్థను ఎంచుకున్నాక వెంటనే పునాదులు తవ్వలేదు. కామ్డెన్ స్థానిక మండలితో, చుట్టుపక్కల నివాసులతో ఏళ్ల తరబడి చర్చలు సాగాక 2006లో అనుమతి వచ్చింది. ఆపై ముగ్గురూ కలిసి ఒకే భాగస్వామ్య సంస్థగా ఏర్పడి, భూమిని అందులోకి తెచ్చారు. ముందు కాలువ ఒడ్డు, చౌకులు, వీధులు బాగుచేసి, 2011లో పాత ధాన్యం గోదాములోకి ఒక కళాశాలను తెచ్చాక పెద్ద కార్యాలయాలు వాటంతట అవే వచ్చాయి. భూమి విలువ పెరిగాక బ్రిటన్ ప్రభుత్వం తన 36.5 శాతం వాటాను 2016లో 37.1 కోట్ల పౌండ్లకు అమ్ముకుంది. మొదటి రోజే వేలం వేసి ఉంటే ఆ పెరుగుదలలో దానికి భాగం ఉండేది కాదు.

సికింద్రాబాద్‌లో 67 ఎకరాల ఖాళీ యార్డు లేదు. బోయిగూడ, చిలకలగూడ, మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్లు, కార్యాలయాలు ఉన్నాయి. రెజిమెంటల్ బజార్ వైపు చూస్తే వందా రెండు వందల గజాల స్థలాలు, ఒక్కోదానికి నలుగురైదుగురు వారసులు, వాళ్లకింద తరాలుగా ఉన్న అద్దెదారులు. కింగ్స్ క్రాస్ నమూనాను యథాతథంగా ఇక్కడికి తేవడం కుదరని పని. రైల్వే భూముల వరకైనా పూర్తి వేలం బదులు రాష్ట్రంతో కలిసి వాటాదారుగా నిలవడం అనే ఒక్క పాఠాన్ని తీసుకోవచ్చు.

అమ్ముకోవడానికి ఎత్తు మిగల్లేదు

ప్రపంచంలో చాలాచోట్ల టీఓడీకి ఇంధనం ఎఫ్ఎస్ఐ, అంటే స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చన్న నిష్పత్తి. అహ్మదాబాద్‌లో మామూలుగా 1.8 ఉండే ఎఫ్ఎస్ఐ, బీఆర్టీఎస్ (బస్సులకే కేటాయించిన దారులు), మెట్రో మార్గాలకు ఇరువైపులా 200 మీటర్లలో 4 దాకా వెళుతుంది. ఆ అదనపు హక్కును స్థల యజమాని డబ్బిచ్చి కొనుక్కుంటాడు. ఆ డబ్బును పరిసరాల రోడ్లకు, కాలిబాటలకు వెచ్చించవచ్చు. హైదరాబాద్‌లో ఈ తాళంచెవి పనిచేయదు. 2006 మార్చిలో వచ్చిన జీవో 86 నగరంలో ఎఫ్ఎస్ఐ పరిమితిని తీసేసింది. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. భవనం ఎత్తు ఇప్పుడు ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం విస్తీర్ణం, భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, అంటే సెట్‌బ్యాక్‌ల మీద ఆధారపడుతుంది. అందరికీ ఉచితంగా దక్కిన ఎత్తును స్టేషన్ పక్కన ప్రత్యేక ప్రోత్సాహకంగా ఇస్తామంటే ఎవరు కొంటారు?

ఈ విధానం వల్ల ఇంకో విచిత్రం జరుగుతోంది. 2012 నిబంధనల్లో హైరైజ్ భవనానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, 12 మీటర్ల రోడ్డు అడిగారు. అంటే దాదాపు 2,400 గజాలు. స్టేషన్ పక్కనున్న పాత పేటల్లో అంత స్థలం దొరకదు, అంత వెడల్పు వీధులూ తక్కువే. కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు ఖాళీ నేలలో ఆ రెండూ దొరుకుతాయి. ఫలితంగా మెట్రో, రైలు, బస్సు మూడూ ఉన్న చోట నాలుగైదు అంతస్తులు, మెట్రో ఇంకా చేరని చోట నలభై యాభై అంతస్తులు లేస్తున్నాయి. టీఓడీ కోరేదానికి ఇది సరిగ్గా తలకిందులు. నగరం పడమటికి వాలడానికి ఐటీ ఒక్కటే కారణమని చెప్పేవాళ్లు ఈ నిబంధనల పాత్రను లెక్కలోకి తీసుకోరు.

ఎఫ్ఎస్ఐకి పరిమితి ఉంటే పాత కట్టడాలకు కూడా మేలు జరగవచ్చనడానికి టోక్యో స్టేషన్ సాక్ష్యం. 1914 నాటి ఆ ఎర్ర ఇటుకల భవనం 1945 వైమానిక దాడుల్లో కాలిపోయి పై అంతస్తును, గుమ్మటాలను కోల్పోయింది. దాన్ని పూర్వరూపానికి తేవడానికి జేఆర్ ఈస్ట్ అనే రైల్వే సంస్థకు సుమారు 5,000 కోట్ల యెన్లు కావలసి వచ్చాయి. స్టేషన్ స్థలంలో కట్టుకునే హక్కు ఉండి కూడా వాడుకోని అంతస్తులను పక్కనున్న ఆకాశహర్మ్యాల యజమానులకు అమ్మి ఆ డబ్బు రాబట్టారు. 2012 అక్టోబరులో మూడంతస్తుల స్టేషన్ తిరిగి తెరుచుకుంది. నగరంలో ఎత్తుకు ధర ఉంది కాబట్టే పొట్టిగా ఉండిపోయిన భవనానికి ఆదాయం పుట్టింది. మనకు బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కులు, అంటే టీడీఆర్ పద్ధతి ఉంది. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి వాటిని ఇస్తున్నారు. కానీ అపరిమిత ఎత్తు ఉన్న నగరంలో వాటికి గిరాకీ సెట్‌బ్యాక్ సడలింపులు, ఒకటి రెండు అదనపు అంతస్తుల మేరకే ఉంటుంది.

భూమి మీద పెట్టుకున్న ఆశలు

డబ్బు విషయానికొస్తే రైల్వే కూడా మొదట భూమినే నమ్ముకుంది. భోపాల్‌లోని హబీబ్‌గంజ్, ఇప్పటి రాణి కమలాపతి స్టేషన్‌ను ప్రైవేటు భాగస్వామి తన ఖర్చుతో కట్టి, బదులుగా పక్క స్థలాల్లో వాణిజ్య భవనాలను దీర్ఘకాలిక లీజుకు తీసుకున్నాడు. అది 2021 నవంబరులో ప్రారంభమైంది. 2017లో ఇదే ఊపులో సికింద్రాబాద్, విజయవాడ, విశాఖపట్నం సహా 23 స్టేషన్లను ప్రైవేటు భాగస్వామ్యానికి పెట్టాలని సంకల్పించారు. ఆ ప్రయత్నం చాలాచోట్ల ముందుకు సాగలేదు. బిజీ స్టేషన్‌లో రైళ్లు ఆపకుండా నిర్మాణం చేయాలి, భూమి మీద స్పష్టత లేదు, ఆదాయం వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. స్టేషన్ల అభివృద్ధికే పెట్టిన ఐఆర్ఎస్‌డీసీ అనే సంస్థను 2021లో మూసేయాలని నిర్ణయించారు. ప్రస్తుతం సికింద్రాబాద్‌లో జరుగుతున్నది ప్రభుత్వం డబ్బు పెట్టి కాంట్రాక్టరుతో కట్టించే పద్ధతి. దీని గురించి బాధపడాల్సిందేమీ లేదని నా అభిప్రాయం. పెట్టుబడిని భూమి నుంచి రేపే పిండుకోవాలన్న ఒత్తిడి లేనప్పుడు ఆ భూమిని ఏం చేయాలో తీరిగ్గా ఆలోచించే వీలుంటుంది.

భూమితో రవాణాను పోషించవచ్చన్న లెక్క ఎంత తప్పగలదో హైదరాబాద్ మెట్రోకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 2008లో సత్యం అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థ ప్రభుత్వ సాయం అక్కర్లేదు సరికదా, మెట్రోను నడుపుకునే ఒప్పంద కాలంలో తామే 30,311 కోట్ల రూపాయలు ఎదురు చెల్లిస్తామని టెండరు వేసింది. మెట్రో కన్నా దానితో వచ్చే భూముల మీద కన్నుండబట్టే అలాంటి అంకె సాధ్యమైందని నాటి ఢిల్లీ మెట్రో అధిపతి ఇ.శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాసి అభ్యంతరం తెలిపారు. 2009లో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. డిపోలు, స్టేషన్ల దగ్గర కలిపి 269 ఎకరాల మేర అభివృద్ధి హక్కులు దానికి దక్కాయి, రాబడిలో దాదాపు 45 శాతం స్థిరాస్తి నుంచే వస్తుందన్నది మొదటి అంచనా. పంజగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ కట్టారు. మాల్‌కు జనం వచ్చారు గానీ అప్పు తీరేంత రాబడి రాలేదు. చివరికి 2025 సెప్టెంబరులో మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఆ హక్కుల కింద వచ్చినవి మాల్స్, కార్యాలయాలు. మెట్రోలో రోజూ రెండుసార్లు ఎక్కి దిగే మధ్యతరగతి కుటుంబానికి స్టేషన్ పక్కన ఇల్లు రాలేదు.

రైళ్లను ఊరి బయటికి పంపడం ద్వారా ఒత్తిడి తగ్గించాలన్న ఆలోచన కూడా ఈ చర్చలో భాగమే. 2025 జనవరి 6న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు, స్టేషన్ పనుల దృష్ట్యా, సికింద్రాబాద్ రైళ్లు కొన్ని మళ్లాయి. చర్లపల్లి భవనం బాగుంది. కాకపోతే అక్కడికి మెట్రో లేదు, ఎంఎంటీఎస్ సర్వీసులు పలచన, తెల్లవారుజామున దిగినవారికి ఆటో ఛార్జీ ఒక్కోసారి జనరల్ టికెట్టును మించిపోతుంది. ముందు రైలు, తర్వాత ఎప్పుడో బస్సు అన్న క్రమంలో కట్టినప్పుడు ఏమవుతుందో చూడటానికి అది సరిపడా ఉదాహరణ.

మరి సికింద్రాబాద్‌లో చేయగలిగిందేమిటి? అన్నిటికన్నా ముందు స్టేషన్ నుంచి 800 మీటర్ల వరకు ఒక స్థానిక ప్రాంత ప్రణాళికను చట్టబద్ధంగా ప్రకటించాలి. రైల్వే తన హద్దు లోపలి పనికి నగరం అనుమతి తీసుకోనక్కర్లేదు గానీ, తన వాణిజ్య లీజుల షరతుల్లో ఆ ప్రణాళికను పాటించాలని రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు. చిలకలగూడ లాంటి చోట్ల రైల్వే భూముల్ని లీజుకిచ్చే బాధ్యత రైల్ భూమి అభివృద్ధి సంస్థది. అక్కడ మరో మాల్ బదులు చిన్న ఇళ్లు అద్దెకిచ్చే భవనాలకు, రైల్వే సిబ్బంది ఇళ్లకు, కింది అంతస్తులో చిల్లర దుకాణాలకు చోటు పెడితే మెట్రోకు, ఎంఎంటీఎస్‌కు ప్రయాణికులు అక్కడికక్కడే దొరుకుతారు.

పాత పేటల్లో పని నెమ్మదిగా సాగాలి. రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి ఒకే భవనం కట్టుకుంటే సెట్‌బ్యాక్‌లు తగ్గించి, పార్కింగ్ షరతు సడలించి, బదులుగా వీధి వైపు కాలిబాటకు జాగా తీసుకోవచ్చు. ఎఫ్ఎస్ఐ లేని నగరంలో ప్రభుత్వం చేతిలో మిగిలిన బేరం ఇదే. ఈ బేరంలో అద్దెదారును మరచిపోకూడదు. స్థలం విలువ పెరిగితే యజమాని లాభపడతాడు, నలభై ఏళ్లుగా అక్కడే దర్జీ దుకాణం నడుపుతున్నవాడు మల్కాజిగిరి దాటి వెళ్లాల్సి వస్తుంది. తిరిగి అదే భవనంలో చోటిచ్చే షరతు లేని పథకానికి ఆ పేటలో మద్దతు దొరకదు, దొరకాలని ఆశించడమూ న్యాయం కాదు. వీధి వ్యాపారులకు 2014 నాటి కేంద్ర చట్టం కొంత రక్షణ ఇచ్చింది. స్టేషన్ ముందు రోడ్డు మీద అమ్మకాల ప్రాంతాన్ని గీసేటప్పుడు వారి ప్రతినిధులుండే పట్టణ కమిటీని పిలవడం ఆ చట్టం అడిగే పనే.

పార్కింగ్ సంగతి ఇంకా తేలలేదు. కొత్త స్టేషన్‌లో బహుళ అంతస్తుల పార్కింగ్ ఎంత విశాలంగా ఉంటే, ఓలిఫెంటా వంతెన కిందా చిలకలగూడ కూడలిలోనూ అంత ఎక్కువ కార్లు వచ్చి పడతాయి. సామానుతో, పెద్దవాళ్లతో వచ్చే కుటుంబాలకు దించి వెళ్లే చోటు తప్పకుండా కావాలి. రోజంతా నిలిపి ఉంచే కారుకు అదే రాయితీ అక్కర్లేదు. నిర్మాణం పూర్తయ్యాక అంతస్తులు తగ్గించలేం గానీ, ధరను మొదటి రోజు నుంచే గంటల లెక్కన పెంచుతూ నిర్ణయించవచ్చు, ఆ రాబడిలో కొంత బోయిగూడ వైపు కాలిబాటలకు కేటాయించవచ్చు. మెట్రో, ఆర్టీసీ, నగరపాలక సంస్థ మూడూ రాష్ట్రం చేతికిందే ఉండబోతున్నాయి గనుక, రైల్వేతో బేరమాడటానికి ఇకపై ఒక్క గొంతు చాలు. కొత్త భవనాల తలుపులు తెరిచేలోగా పార్కింగ్ ధర, స్కైవేల నిర్వహణ ఖర్చు, లీజు షరతులు ఈ మూడింటినైనా ఆ ఒప్పందంలోకి తేగలిగితే మిగతా పనికి ఒక యజమాని ఏర్పడతాడు.